టేపు ఆగాక నేనన్న మాట

తల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, వచ్చే నెల నుంచి నువ్వు కౌన్సెలింగ్ ట్రైనింగ్‌లో క్లయింట్లతో కూర్చోబోతున్నావని చెప్పింది. మన ఇంట్లో నా తర్వాత ఈ పనిలోకి వస్తున్నది నువ్వే. సంతోషంతో కాసేపు నాకు మాట రాలేదు. అంతలో మీ అమ్మ మురిసిపోతూ ఇంకో ముక్క కూడా చెప్పింది. "రోజూ రాత్రి అద్దం ముందు కూర్చుని ప్రాక్టీసు చేస్తోందక్కా. సూపర్‌వైజర్‌కి ఒక్క తప్పు కూడా దొరక్కూడదట."

ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో చెప్తే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అంటావు గానీ నీ చెవికెక్కదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. పొడుగ్గా ఉంటుంది. ఓపిగ్గా చదువు.

నువ్వు మూడో తరగతిలో ఉన్నప్పుడు వేసవి సెలవులకి నా దగ్గరికి వచ్చావు. నోట్‌బుక్కులో ఒక్క అక్షరం తప్పు పడితే కొట్టివేత కనపడకూడదని పేజీ మొత్తం చింపేసి మళ్ళీ మొదటి నుంచి రాసేదానివి. అది మధ్యలో కుట్టిన పుస్తకం. ఒక పేజీ చింపితే అవతలి సగంలో దాని జత పేజీ కూడా ఊడొచ్చేది. అందులో నువ్వు చక్కగా రాసుకున్న లెక్కలు ఉండేవి. ఊడిన ఆ పేజీ పట్టుకుని నా దగ్గరికొచ్చి ఏడ్చావు. నేను జిగురు పెట్టి అతికించాను తప్ప, అసలు చింపడం ఎందుకమ్మా అని అడగలేదు. అప్పుడు అడగాల్సింది. ఇప్పుడు అడుగుతున్నాను.

ముందు మామూలు సంగతులు చెప్పేస్తాను. ఇవన్నీ మీకు క్లాసులో చెప్పే ఉంటారు. సెషన్‌కి పది నిమిషాలు ముందే గదిలో ఉండు. నువ్వింకా ట్రైనింగ్‌లో ఉన్నావనీ, నీ పనిని ఒక సూపర్‌వైజర్ చూస్తారనీ, రికార్డ్ చేస్తే దాన్ని ఎవరెవరు వింటారనీ క్లయింట్‌కి మొదటి రోజే చెప్పి ఒప్పుకోలు తీసుకో. నోట్స్ అదే రోజు రాసెయ్యి, పేర్లు రాయకు. ఒక సెషన్‌కీ ఇంకో సెషన్‌కీ మధ్య ఊపిరి తీసుకునే సమయం ఉంచుకో. మాట్లాడకుండా గడిచే నిమిషాలకి భయపడి వాటిని ప్రశ్నలతో నింపెయ్యకు. ఇంతే.

ఇక నాకు దిగులు పుట్టించిన విషయం. బాగా చెయ్యాలనే పట్టుదల తప్పని నేననను. ఆ పట్టుదల లేనివాళ్ళు ఈ పనిలోకి రాకూడదు కూడా. కానీ పాల్ హ్యూయిట్, గోర్డన్ ఫ్లెట్ అనే ఇద్దరు మానసిక శాస్త్రవేత్తలు 1991లో పర్‌ఫెక్షనిజాన్ని మూడు రకాలుగా విడదీశారు. తన నుంచి తానే లోపం లేనితనాన్ని కోరుకోవడం ఒకటి. ఎదుటివాళ్ళ నుంచి కోరుకోవడం రెండోది. ఎదుటివాళ్ళు తన నుంచి అదే కోరుకుంటున్నారని, అది లేకపోతే తనని లెక్కచెయ్యరని నమ్మడం మూడోది. మీ అమ్మ చెప్పిన వాక్యం ఇంకోసారి చదువు. క్లయింట్‌కి మేలు జరగాలి అనలేదు నువ్వు. సూపర్‌వైజర్‌కి తప్పు దొరక్కూడదు అన్నావు. అది మూడోది తల్లీ. మొదటిది ఉంటే మనిషి అలిసిపోతుంది. మూడోది ఉంటే దాచుకుంటుంది. దాచుకునే మనిషికి సూపర్‌విజన్, అంటే సూపర్‌వైజర్‌తో కూర్చుని మన పనిని పరిశీలించుకోవడం, ఎందుకూ అక్కరకు రాదు.

దాచుకోవడం నీ ఒక్కదానికే ఉన్న గుణం అనుకోకు. 1996లో నికొలస్ లాడనీ, క్లారా హిల్, మరికొందరు పరిశోధకులు కలిసి ట్రైనింగ్‌లో ఉన్న థెరపిస్టులను అడిగారు, మీ సూపర్‌వైజర్‌కి చెప్పకుండా ఉంచుకున్నవి ఏమైనా ఉన్నాయా అని. 97 శాతం మంది ఉన్నాయన్నారు. సూపర్‌వైజర్ మీద కోపం, చిరాకు, క్లయింట్ మీద కలిగిన ఇష్టం, అయిష్టం, తాము చేసిన పొరపాట్లు, అన్నీ ఆ మూటలో ఉన్నాయి. ఆ అంకె చూసి నువ్వు ధైర్యం తెచ్చుకోవాలని చెప్తున్నాను. అందరూ దాస్తారు కదా అని ఊరుకోవడానికి మాత్రం కాదు. ఎందుకు కాదో నా సంగతి చెప్తే నీకే తెలుస్తుంది. దీన్ని నేను ఇంతవరకు ఎవరికీ కాగితం మీద పెట్టి చెప్పలేదు.

నేను ట్రైనింగ్‌లో ఉన్నవి క్యాసెట్ల రోజులు. అరవై నిమిషాల క్యాసెట్. ఒక పక్క ముప్పై నిమిషాలు అయిపోగానే టేప్‌రికార్డర్ మీట టక్కుమని పైకి లేచేది. మనం లేచి రెండో పక్కకి తిప్పి పెట్టాలి. వారానికోసారి ఆ టేపు, దానితో పాటు సెషన్‌లో ఎవరేమన్నారో మాటకి మాట రాసిన వెర్బేటిమ్, రెండూ సూపర్‌వైజర్ మేడమ్‌కి ఇవ్వాలి. ఆవిడ ఎర్ర సిరాతో పక్కన రాసేవారు. నా వెర్బేటిమ్‌లలో ఎర్ర సిరా తక్కువగా ఉంటుందని తోటివాళ్ళు చెప్పుకునేవారు. నాకు అది పెద్ద గొప్ప.

నా మూడో క్లయింట్ యాభై దాటినావిడ. గుర్తుపట్టే వివరాలన్నీ తీసేసి చెప్తున్నాను. భర్త చాలాకాలం మంచాన పడి చనిపోయారు. ఆ తర్వాత నిద్ర పట్టట్లేదని వచ్చారు. అది నాలుగో సెషన్. టేపు మీట టక్కుమనడం ఇద్దరం విన్నాం. కానీ ఆవిడ ఏదో చెప్పబోతున్నారు. ఇప్పుడు నేను లేస్తే ఆ మాట లోపలికి వెళ్ళిపోతుందనిపించి క్యాసెట్ తిప్పలేదు. అక్కడివరకు నేను చేసింది సరైనదే. ఆవిడ ఒళ్ళో హ్యాండ్‌బ్యాగ్ పెట్టుకుని దాని జిప్పు తీస్తూ, వేస్తూ, మళ్ళీ తీస్తూ ఉన్నారు. తలెత్తకుండానే అన్నారు, "ఆయన పోయిన మర్నాడు పొద్దున లేచి, అమ్మయ్య అనుకున్నానండీ."

నేను వెంటనే, "అయ్యో, అలా అనుకోకండి. ఆయనకి మీరెంత సేవ చేశారో మీకు తెలుసు కదా" అన్నాను.

జిప్పు సగంలో ఆగిపోయింది. ఆవిడ తలెత్తి నా వైపు చూసి, కొంచెం నవ్వి, "అంతేలెండి" అన్నారు. మిగిలిన పావుగంటా వాళ్ళమ్మాయి ఉద్యోగం గురించి మాట్లాడుకున్నాం.

ఆ రాత్రి వెర్బేటిమ్ రాయడానికి కూర్చున్నాను. టేపు మీద ఉన్న సగం ఉన్నదున్నట్టు రాశాను. లేని సగం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆడలేదు. నేనేం పాడుచేశానో నాకు అప్పటికే తెలుసు. ఆవిడ ఎన్నాళ్ళ నుంచో మోస్తున్న మాట నా ముందు పెడితే, దాన్ని తీసుకోకుండా తిరిగి ఆవిడ చేతిలోనే పెట్టేశాను. అది తెలిసి కూడా ఇలా రాశాను. నేను: "అమ్మయ్య అనిపించింది. ఆ మాట బయటికి చెప్పడానికి మీకు ఎంత కష్టమైందో." ఇది నేను అని ఉండాల్సిన మాట. కాస్త దిద్దాను, అంతే కదా అని నన్ను నేను సమాధానపరచుకున్నాను. కానీ నా మాట మారిస్తే ఆవిడ జవాబు కూడా మార్చాలి. "అంతేలెండి" అనేది అక్కడ అతకదు. కాబట్టి "అవునండీ" అని రాసి, పక్కన బ్రాకెట్లో "కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు" అని రాశాను.

తల్లీ, ఆవిడ ఏడవలేదు. నా పరువు కోసం ఆవిడ కళ్ళల్లో లేని నీళ్ళు నేను పెట్టాను. ముప్పై ఏళ్ళు దాటింది. ఆ బ్రాకెట్టు నా కళ్ళ ముందు నుంచి పోలేదు.

మేడమ్ ఆ పేజీ రెండుసార్లు చదివారు. "ఇక్కడ నువ్వు ఆగిన తీరు చాలా బాగుంది" అన్నారు. ఎర్ర సిరాతో ఒక టిక్కు కూడా పెట్టారు. ఆ మెప్పు నాకు సంతోషం ఇచ్చిందని చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఇచ్చింది. ఆవిడ ఆ అబద్ధాన్ని నమ్మి తర్వాతి దారి గీశారు. క్లయింట్ మనసు విప్పారు కాబట్టి ఇప్పుడు ఆ ఊరట వెనక ఉన్న అపరాధభావం దగ్గరికి మెల్లగా వెళ్ళొచ్చు అన్నారు. నేను వెళ్ళాను. తలుపే తెరుచుకోని గదిలోకి ఎలా వెళ్తాం? ఆ క్లయింట్ ఐదో సెషన్‌లో నిద్రమాత్రల గురించి మాట్లాడారు. ఆరో సెషన్‌లో ఇంకా తక్కువ మాట్లాడారు. ఏడో వారం రాలేదు.

ఆ తర్వాత మూడు వారాల పాటు మేడమ్, నేను కూర్చుని ఆవిడ ఎందుకు వెనక్కి తగ్గారో చర్చించాం. అంత తెలివైన మనిషి, అంత అనుభవం, ఎన్ని కోణాల నుంచి ఆలోచించారో. మూడో వారం మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "బహుశా నేనే నిన్ను తొందరపెట్టానేమో. ఆమె ఇంకా సిద్ధంగా లేదేమో. అది నేను గమనించి ఉండాల్సింది" అన్నారు.

నేను చేసినదానికి ఆవిడ తనని తాను తప్పుపట్టుకుంటుంటే అక్కడ కూర్చోలేకపోయాను. "మేడమ్, ఆ రోజు నేను అలా అనలేదు" అన్నాను. మొత్తం చెప్పాను. బ్రాకెట్టు సంగతి కూడా.

ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కోపం వచ్చింది, ముఖంలో కనపడింది. "నువ్వు తప్పు మాట అన్నందుకు కాదు నా బాధ. అలాంటి మాట నేనూ అన్నాను, ఇంకా అంటాను. మూడు వారాలుగా మనం లేని మనిషి గురించి మాట్లాడుకున్నాం. ఉన్న మనిషి అక్కడ ఒంటరిగా ఉండిపోయింది" అన్నారు. అప్పుడు నేను ఏడ్చాను. ఏడుపు తగ్గేవరకు ఆగి, అడిగారు, "ఆవిడ 'అమ్మయ్య' అన్నప్పుడు నీకేం భయం వేసింది?"

జవాబు నాకు వెంటనే తెలిసింది. మీ తాతయ్య రెండేళ్ళు మంచాన ఉన్నారు. నువ్వు అప్పటికి పుట్టలేదు. ఆయన పోయిన రాత్రి అందరూ పడుకున్నాక నేను వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి, అచ్చంగా అదే మాట అనుకున్నాను. అమ్మయ్య. ఆ మాట నాలోనూ ఉందని ఎవరికీ చెప్పలేదు. ఆవిడ నోట అది బయటికి వచ్చేసరికి నేను మూసింది ఆవిడ నోరు కాదు, నాది.

ఇక్కడ మేడమ్ చేసిన పని జాగ్రత్తగా విను, నీకు పనికొస్తుంది. మా నాన్న గురించి ఆవిడ ఇంకో ప్రశ్న వెయ్యలేదు. "ఇది నీకు చాలా ముఖ్యమైన విషయం. నువ్వు ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళి మాట్లాడుకో. ఇక్కడ మనం అది ఈ సెషన్‌లోకి ఎలా వచ్చిందో మాత్రమే చూద్దాం" అన్నారు. సూపర్‌వైజర్ మన థెరపిస్టు కాదు. మన గాయం పని మీద ఎక్కడ పడిందో చూపిస్తారు గానీ దానికి కట్టు కట్టే చోటు వేరు. మనకి మార్కులు వేసే మనిషి ముందు మన లోపలిదంతా పరిచి పెట్టాల్సిన అవసరం లేదు. మంచి సూపర్‌వైజర్ దాన్ని అడగరు కూడా. దాపరికం వద్దు అంటున్నానంటే అలా అంతా పరిచి పెట్టమని అర్థం కాదు.

తర్వాత ఆవిడ చెప్పగా తెలిసింది, హెరాల్డ్ సియర్ల్స్ అనే మనోవైద్యుడు 1955లోనే దీన్ని గమనించి రాశాడని. క్లయింట్‌కీ థెరపిస్టుకీ మధ్య జరుగుతున్నదే, తెలియకుండా థెరపిస్టుకీ సూపర్‌వైజర్‌కీ మధ్య మళ్ళీ జరుగుతుంది. దీన్నే ఇప్పుడు పారలల్ ప్రాసెస్ అంటున్నారు. నా విషయంలో చూడు. ఆ క్లయింట్ తను సిగ్గుపడుతున్న మాట ఒకటి నా ముందు పెట్టారు, నేను వద్దన్నాను, ఆవిడ నవ్వి మూసేసుకున్నారు. వారం తిరక్కుండా నేను సిగ్గుపడే మాట ఒకటి పట్టుకుని మేడమ్ గదిలోకి వెళ్ళాను. నవ్వి మూసేసుకున్నాను. ఆ రోజే నిజం చెప్పి ఉంటే, మూసుకోవడం ఎలా ఉంటుందో ఒంట్లో తెలిసి ఉండేది. ఆ తెలివితో మర్నాడు ఆవిడ ముందు కూర్చునేదాన్ని.

మేడమ్ సలహాతో ఆవిడకి చిన్న ఉత్తరం రాశాను, ఎప్పుడైనా రావాలనిపిస్తే తలుపు తీసే ఉంటుందని. ఆవిడ రాలేదు. ఎక్కడైనా ఇంకెవరి దగ్గరైనా ఆ మాట చెప్పుకున్నారో లేదో నాకు తెలియదు.

ఇప్పుడు రెండో వైపు నుంచి చెప్తాను. ఇరవై ఏళ్ళుగా నేనూ సూపర్‌వైజర్‌ని. నా ముందు నీలాంటి పిల్లలు చాలామంది కూర్చున్నారు. వాళ్ళని మొదటి ఐదు నిమిషాల్లో గుర్తుపడతాను. ఫైలు చక్కగా ఉంటుంది. ఉన్నవాటిలో అన్నిటికన్నా మంచి రికార్డింగ్ ఎంచుకుని తెస్తారు. నేను నోరు తెరవగానే పెన్ను తీసి నా ప్రతి మాటా రాసుకుంటారు. నేనేదైనా ఎత్తిచూపబోతే, నాకంటే ముందే వాళ్ళే "తెలుసు మేడమ్, అది నా తప్పే, అక్కడ నేను అలా అనకూడదు" అని గబగబా చెప్పేస్తారు. వినయంలా కనిపిస్తుంది. కానీ అది తలుపు వెయ్యడమే. తప్పంతా తనే ఒప్పేసుకున్న మనిషితో ఇంక మాట్లాడటానికేముంది? అలాంటి పిల్లల దగ్గర నేను కూడా జాగ్రత్తపడిపోవడం మొదలుపెడతాను. వీళ్ళు ఎక్కడ నొచ్చుకుంటారోనని చెప్పాల్సింది సగం మింగేస్తాను. ఏడాది చివరికి మా ఇద్దరి మధ్య మర్యాద మిగులుతుంది, నేర్చుకున్నది మిగలదు.

క్లయింట్లలో కూడా ఇదే కనపడింది. డిప్రెషన్ చికిత్స మీద అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనం ఒకదాన్ని సిడ్నీ బ్లాట్, డేవిడ్ జురోఫ్ మళ్ళీ పరిశీలించారు. ఆ చికిత్స పదహారు వారాలది. పర్‌ఫెక్షనిజం ఎక్కువగా ఉన్నవాళ్ళకి మేలు తక్కువ జరిగింది. ముఖ్యంగా చికిత్స రెండో సగంలో వాళ్ళు వెనకబడ్డారు. వారాలు గడిచేకొద్దీ థెరపిస్టుతో పెరగాల్సిన దగ్గరితనం వాళ్ళ విషయంలో అంతగా పెరగలేదు. నేను చూసినంతలో సూపర్‌విజన్‌లో జరిగేదీ అదే. మొదట అంతా బాగుంటుంది. మూల్యాంకనం దగ్గరపడేకొద్దీ పిల్లలు దూరం జరుగుతారు. సరిగ్గా అప్పుడే నువ్వు దగ్గరికి జరగాలి.

ఎలా జరగాలో చెప్తాను.

మొదటి మీటింగ్‌లోనే అడుగు. నన్ను వేటి మీద అంచనా వేస్తారు, ఆ పట్టిక చూపిస్తారా, రికార్డింగులు వింటారా, నేను పొరపాటు చేసి వచ్చి చెప్తే దాన్ని మీరు ఎలా చూస్తారు, ఈ చివరి ప్రశ్న తప్పకుండా అడుగు. ఎడ్వర్డ్ బోర్డిన్ అనే మానసిక శాస్త్రవేత్త 1983లో చెప్పింది ఇదే. సూపర్‌విజన్ నిలబడేది మూడింటి మీద. గమ్యం ఏమిటో ఇద్దరూ ఒప్పుకోవడం, దానికోసం ఎవరేం చెయ్యాలో ఒప్పుకోవడం, ఇద్దరి మధ్య నమ్మకం. మొదటి రెండూ గాలిలో ఉంటే మూడోది కుదరదు. ఏం అడుగుతారో తెలియని పరీక్షకి ఎవరైనా భయపడతారు. ఆ బంధం తెగితే అతికించుకోవడం కూడా పనిలో భాగమేనని ఆయన అన్నాడు. అది నాకు ఎప్పుడూ ధైర్యం ఇస్తుంది.

రికార్డింగ్‌లో నువ్వు వినడానికి ఇష్టపడని మూడు నిమిషాలు ఏవో చూసుకుని, అవే తీసుకెళ్ళు. బాగున్న నలభై నిమిషాలు ఇంట్లో ఉంచు. 1940ల మొదట్లో కార్ల్ రోజర్స్ అనే అమెరికన్ మానసిక శాస్త్రవేత్త తన విద్యార్థులతో కలిసి సెషన్లను గ్రామఫోన్ డిస్కుల మీద రికార్డు చేయించేవాడు. ఒక్కో పక్క కొద్ది నిమిషాలే పట్టే డిస్కులు అవి. అంత తంటాలు పడి వింటే కౌన్సెలర్లకి తెలిసింది ఏమిటంటే, తాము వింటున్నామనుకున్న చోట సలహాలు చెప్తున్నామని. జ్ఞాపకం మన పక్షానే ఉంటుంది తల్లీ. టేపు ఎవరి పక్షానా ఉండదు. నా టేపు ఆ రోజు ఆగకుండా ఉంటే నేను ఆ పేజీ రాయగలిగేదాన్ని కాదు.

రికార్డింగ్ వింటున్నప్పుడు ఆపే బటన్ నీ చేతిలో ఉంచమని అడుగు. నార్మన్ కాగన్ అనే ఆయన 1960లలో ఈ పద్ధతి తయారుచేశాడు. నేర్చుకునే మనిషే టేపు ఆపుతుంది. పక్కనున్నవాళ్ళు "ఇక్కడ ఇలా అని ఉండాల్సింది" అనరు. "ఇక్కడ నీకేం అనిపించింది, ఏం అనబోయి ఆగావు" అని అడుగుతారు. నీలాంటి పిల్లలకి ఇంతకంటే మంచి మందు నాకు తెలియదు.

ఇక నోరు తెరవడం. మొదటి వాక్యం బయటికి రావడమే కష్టం, తర్వాత మాటలు వాటంతటవే వస్తాయి. కాబట్టి అద్దం ముందు ప్రాక్టీసు చెయ్యాలనుకుంటే క్లయింట్‌తో అనే మాటలు మానేసి ఇవి చెయ్యి. "ఈ వారం ఒకటి మీకు చెప్పకూడదని అనుకున్నాను, అందుకే ముందు అదే చెప్తున్నాను." "మీరు పోయిన వారం అన్న మాట నాకు నొప్పి కలిగించింది, దాని గురించి మాట్లాడొచ్చా?" "నాకు ఈ క్లయింట్ అంటే భయం వేస్తోంది." "ఇది నాకు రాదు." ఈ ఆఖరి మాటని నీ నోట నేను ఒక్కసారి కూడా వినలేదు. పుట్టి ఇన్నేళ్ళైంది.

అందరు సూపర్‌వైజర్లూ మా మేడమ్‌లా ఉండరు. నలుగురిలో చులకన చేసేవాళ్ళు ఉంటారు, తాము చెప్పిందే వేదం అనేవాళ్ళు ఉంటారు, ఫోన్ చూసుకుంటూ వినేవాళ్ళు ఉంటారు. నీకు అలాంటి మనిషి తగిలితే తప్పంతా నీదేనని అనుకునే స్వభావం నీది, అదీ నా భయం. చిన్న విషయమైతే వాళ్ళతోనే మాట్లాడి చూడు. అవమానించడం, బెదిరించడం, హద్దు దాటడం జరిగితే మాత్రం ఓర్చుకోవద్దు. తేదీలతో రాసి పెట్టుకుని కోర్సు చూసేవాళ్ళ దగ్గరికి వెళ్ళు. మంచి విద్యార్థి అనిపించుకోవడానికి మాటపడి ఉండిపోవడం కూడా పేజీ చింపడమే.

ఒక విషయంలో మాత్రం నేను బతిమాలను, గట్టిగానే చెప్తున్నాను. క్లయింట్ చనిపోవాలనుందని అన్నా, ఆ మాట దరిదాపుల్లోకి వచ్చినా, పిల్లలకి ఎవరైనా హాని చేస్తున్నారని తెలిసినా, వారపు మీటింగ్ దాకా ఆగకు. అదే రోజు, వీలైతే క్లయింట్ గది దాటకముందే సూపర్‌వైజర్‌కి చెప్పు. నేను సరిగ్గా అడిగానో లేదో, ముందు నోట్స్ శుభ్రంగా రాసుకుని వెళ్దాం, తెలివితక్కువగా కనపడతానేమో, ఈ ఆలోచనలన్నీ పక్కన పెట్టు. సగం వాక్యాలతో, వణుకుతున్న గొంతుతో చెప్పినా సరే. ఆ బాధ్యత నీ ఒక్కదాని తల మీద ఉండకూడదనే సూపర్‌వైజర్‌ని పెట్టారు. నా క్లయింట్ విషయంలో నా దాపరికానికి ఆవిడ పోగొట్టుకున్నది ఒక ఊరట. ఇంకో మనిషైతే ప్రాణమే పోవచ్చు. రాత్రి నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే. నిన్ను భయపెడుతున్నానని తెలుసు. ఈ ఒక్క భయం ఉంచుకో, మిగిలినవన్నీ వదిలెయ్యి.

కోప్పడినట్టు రాశానా? నువ్వు ఎలాంటి పిల్లవో నాకు తెలుసు. నా మోకాలు నొప్పి అని ఎవరితోనూ అనకపోయినా, నేను లేవబోతుంటే నువ్వే వచ్చి చెయ్యి అందిస్తావు. ఎదుటి మనిషి చెప్పనిది నీకు వినపడుతుంది. అది నేర్పితే వచ్చేది కాదు, నాకు అది రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. నువ్వు మంచి కౌన్సెలర్‌వి అవుతావా అనే అనుమానం నాకు ఒక్క క్షణం కూడా లేదు. పిల్లవాడు పెరిగేకొద్దీ తల్లి కొంచెం కొంచెంగా తప్పుతూ ఉండటం వాడికి అవసరమని డొనాల్డ్ వినికాట్ అనే పిల్లల వైద్యుడు చెప్పాడు. సరిపోయేంత మంచి తల్లి చాలన్నాడు. నీ ముందు కూర్చునే మనిషికి కూడా, పొరపాటు మాట అని, తర్వాతి వారం వచ్చి "పోయిన వారం మీరు చెప్పింది నేను సరిగ్గా వినలేదు, ఇంకోసారి చెప్తారా" అనగలిగే మనిషి కావాలి. నేను ఆవిడతో ఐదో సెషన్ మొదట్లో అనాల్సిన మాట అదొక్కటే. పది సెకన్లు కూడా పట్టదు.

మొదటి సూపర్‌విజన్ ఏ రోజో నాకు చెప్పు. ఆ సాయంత్రం ఫోన్ చెయ్యి. క్లయింట్ గురించి ఒక్క ముక్క కూడా నాకు చెప్పకు, నేనూ అడగను. అది నీకూ మీ సూపర్‌వైజర్‌కీ మధ్య ఉండాల్సింది. నేను దొడ్డిదారిన ఇంకో సూపర్‌వైజర్‌ని కాకూడదు. ఆ గదిలో నువ్వు చెప్పకుండా దాచుకుందామనుకున్నది చెప్పావా లేదా, అది మాత్రం చెప్పు. లేదన్నా ఏమీ అనను.

తాతయ్య పోయిన రాత్రి నేననుకున్న మాట మీ అమ్మకి ఇప్పటిదాకా తెలియదు. ఆ రెండేళ్ళూ మందులు, మంచం, రాత్రి మేలుకోవడాలు ఇద్దరం పంచుకున్నాం. ఇదొక్కటే పంచుకోలేదు. నువ్వు చెప్పకు. ఈ ఉత్తరం మడిచి కవర్లో పెట్టగానే నేనే తనకి ఫోన్ చేస్తాను.

నీ
పెద్దమ్మ